కళ్ళకు అడ్డం పెట్టిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ కనబడినవాళ్ళందరికీ చెబుతుంది. అబద్ధమేమీ కాదు. ముఖ్యంగా ఎదురుగా ఎవడైనా బ్రైట్ లైటు వేసుకుని వస్తే ఒళ్ళు మండిపోతుంది నాకు. సగం జనానికి బండి లైటంటే తమ కోసమే పెట్టిందన్న లెక్క. ఎదుటివాడికీ కళ్ళుంటాయని వాళ్ళకు తోచదు. బండి కొన్నరోజు నుంచి అమ్మేసే రోజు దాకా ఆ లైటు ఎక్కడ పడుతోందో ఒక్కసారి చూసుకున్న పాపాన పోరు. వాళ్ళ పుణ్యమా అని నాకు నాలుగు మెతుకులు దొరుకుతున్నాయి గనక గట్టిగా తిట్టలేక ఊరుకుంటాను.

నా షాపులో జరిగే పని ఒకటే. లైటు పైకి కొడుతుంటే దించడం, కిందికి కొడుతుంటే ఎత్తడం, పక్కకు పోతుంటే దారికి తేవడం. లోపల ఒక తెల్లటి గోడ ఉంటుంది. దాని మీద నల్లరంగుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీసి ఉంటాయి. బండిని ఆ గోడకు ఎదురుగా కొలిచిన దూరంలో నిలబెట్టి, షట్టరు దించి చీకటి చేసి, లైటు వేస్తే వెలుగు గోడ మీద ఎక్కడ తెగుతోందో కనిపిస్తుంది. లైటు వెనక రెండు మరలుంటాయి. ఒకటి తిప్పితే వెలుగు పైకీ కిందికీ, ఇంకొకటి తిప్పితే పక్కలకీ జరుగుతుంది. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటానని వీధిలోవాళ్ళు నాకు గోడాయన అని పేరు పెట్టారు. అలిగినప్పుడు మా ఆవిడ కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది.

అలాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం మా అక్క వ్యాను తీసుకుని వచ్చింది.

"లైటు కాస్త దించరా. కళ్ళలో పడుతోంది," అంది.

అచ్చం నా నోట్లోంచి ఊడిపడ్డట్టున్న మాట అది. మా వాళ్ళలో ఒక్కరికైనా ఎదుటివాళ్ళ కళ్ళ మీద జాలి పుట్టిందని సంబరపడ్డాను.

అక్కా బావా కలిసి లాండ్రీ నడిపేవాళ్ళు. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉతికి ఇస్త్రీ చేసి సాయంత్రానికల్లా చేరవేయడం వాళ్ళ పని. ఉతుకు అక్కది, వ్యాను బావది. బావ పోయాక రెండూ అక్క నెత్తిన పడ్డాయి. స్టీరింగు అంటే తెలియని మనిషి ఆ వయసులో నేర్చుకుంది. నేర్పింది నేనే. నేను అరిచిన అరుపులకు రోడ్డు మధ్యలో వ్యాను వదిలేసి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి. మర్నాడు మాత్రం ఏమీ జరగనట్టే వచ్చి ఎక్కేది. మా అక్క పట్టు పట్టిందంటే ఇక పట్టే.

వ్యానును గోడకు ఎదురుగా పెట్టించాను. టైర్లలో గాలి చూశాను. ఒక లైటు మీద గోనెపట్టా కప్పి ఇంకో లైటు చూశాను, పట్టా మార్చి రెండోదీ చూశాను. వెలుగు సరిగ్గా గీత మీద తెగుతోంది.

"బాగానే ఉందక్కా. ఇంతకన్నా సరిగ్గా నేను పెట్టినా కుదరదు."

"లేదురా. పడుతోంది."

"ఎవరైనా అన్నారా?"

"అనాలా? చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే తెలీదూ?"

ఎవరు అడ్డం పెట్టుకుంటున్నారని నేను అడగలేదు. రోడ్డున పోయేవాళ్ళెవరో అనుకున్నాను. ఆమె మనసు నొప్పించడం ఎందుకని మరను ఒక పిసరు తిప్పి పంపించాను.

కొద్దిరోజులకే మళ్ళీ వచ్చింది. లైటు ఇంకా కళ్ళలోనే పడుతోందట. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పని మీద నాకే అనుమానం పుట్టించింది కదా అని లోపల్లోపల ఉడికిపోయాను. రెండు మాటలు అనేద్దామని నోరు తెరవబోతూ వ్యాను వెనక తలుపు తీసి చూస్తే, ఖాళీ. అప్పుడు వెలిగింది బుర్ర. అక్క నా దగ్గరికి వచ్చేది మధ్యాహ్నం, ఖాళీ వ్యానుతో. తోలేది సాయంత్రం, నిండా మూటలతో. మూటలు వెనక ఎక్కితే వెనకభాగం కుంగుతుంది, ముక్కు లేస్తుంది, ముక్కుతో పాటు లైటూ లేస్తుంది. అన్నం తినకముందు కొలతలు తీసుకుని, తిన్నాక చొక్కా బిగుతుగా ఉందంటే ఎవరి తప్పు? 

"మూటలు ఎక్కించుకుని రా తల్లీ," అన్నాను. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు అడగొచ్చుగా," అంది అక్క.

సాయంత్రం వెళ్ళాల్సిన మూటలన్నీ ఎక్కించుకుని వచ్చింది. షట్టరు దించి లైటు వేయించాను. నేను అనుకున్నట్టే వెలుగు గీత దాటి బాగా పైకి ఎగబాకింది. ఎంత ఎత్తున కొడుతోందో చూద్దామని షాపులో నాకు సాయం చేసే మా ఆవిడను గోడకు ఆనుకుని నిలబడమన్నాను. ఆమె వెళ్ళి నిలబడగానే వెలుగు సూటిగా ముఖాన పడింది. చటుక్కున కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అబ్బా, ఆపండి! కళ్ళు పోతున్నాయి," అని అరిచింది.

నవ్వుతూ అక్కవైపు తిరిగాను. అక్క నవ్వడం లేదు. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మా ఆవిడకేసే చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. కానివ్వు."

ఆ బరువుతోనే లైటు రెండువైపులా దించాను. ఇప్పుడు వెలుగు నిలబడ్డ మనిషి నడుము దాటి పైకి పోదు. మా ఆవిడను మళ్ళీ నిలబెట్టి చూశాను. ఇక ఎవరి కళ్ళలోనూ పడదని మాటిచ్చి పంపాను. ఆ పూట నా అంత మొనగాడు లేడనుకుని హాయిగా భోంచేశాను.

మూడోసారి అక్క పొద్దున్నే వచ్చింది. షాపు ఇంకా ఊడవలేదు. వ్యాను బయటే ఆపి, లోపలికొచ్చి, "ఇంకా దించరా," అంది. 

"ఇంకా ఎక్కడికి దించనూ? పాతాళంలోకా?" అని అరిచాను. "నడుము కిందికి పెట్టాను. చీమల కళ్ళలో పడుతోందా ఏంటి?"

మా ఆవిడ చీపురు పక్కన పెట్టి నావైపు గుడ్లురిమి చూసింది. అక్కను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అక్క తాగలేదు. గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వదినా, ఎవరి కళ్ళలో పడుతోంది?" అని అడిగింది మా ఆవిడ. అన్నిరోజులూ నేను అడగని ప్రశ్న అది.

"మీ అన్నయ్యగారి కళ్ళలో," అంది అక్క.



బావ పోయింది ఊరి బయట మలుపు దగ్గర. ఒక సాయంత్రం మూటలు తీసుకెళుతుంటే వ్యాను వెనక తలుపు తెరుచుకుంది. పక్కకు ఆపి, దిగి, తలుపు వేసి, మళ్ళీ ముందుకు వస్తున్నాడు. ఎదురుగా లారీ వచ్చింది, బ్రైట్ లైటు మీద. "కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడండీ, పక్కకు జరగలేదు," అని ఆ డ్రైవరు తర్వాత అందరిముందూ ఏడుస్తూ చెప్పాడు. జరగడానికి బావకు ఏం కనబడుతుంది? ఎటు రోడ్డో, ఎటు లారీయో తెలియని వెలుగది. ఆ తర్వాత అక్కను ముఖం చూడనివ్వలేదు. చూడకపోవడమే మంచిదని ఆస్పత్రిలోవాళ్ళు అన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళూ అన్నారు. గుడ్డ కప్పి తెచ్చారు, గుడ్డ కప్పే తీసుకెళ్ళారు. అక్క పాదాలు మాత్రం పట్టుకుంది.

"అక్కడే నిలబడి ఉంటారురా," అంది అక్క. ఆమె గొంతు మామూలుగానే ఉంది. మూటలు ఎన్నున్నాయో చెప్పినట్టు చెబుతోంది. "రోజూ ఉంటారు. ఆ రోజు వేసుకున్న చొక్కాయే. నా లైటు పడగానే చెయ్యి ఎత్తేస్తారు. ఎంతసేపు ఆగినా దించరు. ముఖం కనబడదు. నేను వెళ్ళాలి కదా, హోటలు వాళ్ళు ఫోన్లు చేస్తారు. వెళ్ళిపోతాను. ఒక్కసారి ఆ చెయ్యి దించితే చాలురా. ముఖం చూసి వచ్చేస్తాను."

భయం వేసింది. భయం వేస్తే నాకు వచ్చేది కోపమే.

"నీకు మతి పోయిందక్కా," అన్నాను. "ఇంకా దించితే నీకు రోడ్డు కనబడదు. గుంట కనబడదు, కుక్క కనబడదు, ఎదురుగా మనిషొచ్చినా కనబడడు. నువ్వు కూడా పోతావా ఆ మలుపులోనే?"

"నాకు కనబడాల్సిన మనిషి ఒక్కరేరా."

"నేను దించను."

"వద్దులే. మర ఎక్కడుందో చూశాగా. నేనే తిప్పుకుంటాను." అక్క గ్లాసు కింద పెట్టి లేచింది.

తిప్పుతుంది కూడా. నాకు తెలుసు. కళ్ళ ముందు రెండడుగుల వెలుగు పెట్టుకుని, ఆ మలుపులోకి, లారీలు తిరిగే దారిలోకి రోజూ వెళుతుంది. ఒక్కరు పోయిన దుఃఖమే ఇంకా మా ఇంట్లో ఆరలేదు. అక్కను పోగొట్టుకోవడం నా వల్ల కాదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

మా ఆవిడే మళ్ళీ మాట్లాడింది. "వదిన చెప్పేది నిజమా కాదా అన్నది మీకెందుకండీ? ఆ మలుపు దగ్గర లైటు కళ్ళలో పడుతోందా లేదా అని ఆమె అడుగుతోంది. అది మీ పనే కదా. ఈ గోడ మీద ఎంతసేపు చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? వెళ్ళి అక్కడ నిలబడి చూడండి."

ఆ సాయంత్రం అక్కతో పాటు వ్యానులో బయలుదేరాను. వెనక నిండా మూటలు. ఉతికిన బట్టల వాసన ముందుకు వస్తోంది. అక్క నేను నేర్పిన పద్ధతిలోనే జాగ్రత్తగా తోలుతోంది. ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా డిమ్ ఉందో లేదో చూసుకుంటోంది. ఊరి చివరి దీపాలు దాటేసరికి వెలుతురు సన్నగిల్లింది. చెట్లకూ వెనకున్న ఆకాశానికీ ఇంకా కాస్త తేడా తెలుస్తోంది.

మలుపు ముందు రోడ్డు పల్లంలోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. బావ పోయినప్పుడు ఆ చోటికి వెళ్ళాను గానీ అప్పుడు ఇవన్నీ గమనించే స్థితిలో ఎవరున్నారు? ఇప్పుడు గమనించాను. వ్యాను పల్లంలోంచి ఎక్కుతుంటే ముక్కు ఆకాశంలోకి లేచింది. లైటు ఎదురుగా ఉన్న కొమ్మల్లోకి కొట్టింది. పెట్టిన చోటే ఉన్న లైటు, నడుము కిందికి నేను దించిన లైటు, ఆ ఎత్తు మీద నిలబడ్డవాడి ముఖాన పడి తీరుతుంది. నా మరలు ఎంత తిప్పినా, అక్క ఎంత తిప్పినా, అక్కడ అది పనికిరాదు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అనుకుంటున్నాను.

అక్క ఎత్తు ఎక్కుతూనే ఎడమ పక్కకు లాగి ఆపింది. ఇంజను నడుస్తూనే ఉంది.

"అడుగో," అంది.

నాకు రోడ్డు తప్ప ఏమీ కనబడలేదు. రోడ్డు, అంచున గడ్డి, గడ్డిలో ఒక మైలురాయి. 

"ఎక్కడక్కా?"

"అదిగో, రాయి పక్కన. చెయ్యి ఎత్తేశారు చూడు."

మా ఆవిడ మాట గుర్తు చేసుకున్నాను. నా పని నేను చెయ్యాలి. దిగాను. తలుపు వేశాను, తలుపు సరిగ్గా పడిందో లేదో లాగి చూశాను. రాయి దాకా నడిచాను. నడుస్తుంటే నా నీడ నాకన్నా ముందు పొడుగ్గా పోయి గడ్డిలో పడుతోంది. అక్క అద్దం దించి తల బయట పెట్టింది.

"ఇంకొంచెం కుడికి. అదీ. అక్కడే. నీ కోసం పక్కకు జరిగారు, నిలబడు."

నా పక్కన ఎవరూ లేరు. ఉన్నట్టే ఒదిగి నిలబడ్డాను. ఎందుకు ఒదిగానో చెప్పలేను. వ్యానుకేసి తిరిగాను.

వెలుగు ముఖాన కొట్టింది. నా చెయ్యి నేను చెప్పకుండానే లేచి కళ్ళకు అడ్డం పడింది. ఇన్నేళ్ళుగా లైట్లతోనే బతుకుతున్నానా, ఆ వెలుగులో నిలబడటం నాకు అదే మొదలు. తెలుపు తప్ప ఏమీ లేదు. రోడ్డు లేదు, వ్యాను లేదు, అక్క లేదు. ఎటువైపు అడుగు వేస్తే అంచో, ఎటువైపు వేస్తే రోడ్డో తెలియలేదు. బావకు కూడా తెలియలేదు. ఇలాగే నిలబడ్డాడు. ఇలాగే నిలబడి ఉండగానే పోయాడు. నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. వెలుగు వల్లే అని నాకు నేను చెప్పుకోలేదు. మా బావ కోసం ఏడ్చాను.

అప్పుడు నాకు అర్థమైంది. ఈ లైటు ఉన్నంతసేపూ ఆయన ఆ చెయ్యి దించడు. దించలేడు.

"అక్కా!" అని అరిచాను. "లైటు ఆర్పెయ్యి."

"ఆర్పితే ఆయన కనబడరురా!"

"పోనీ కనబడొద్దు. ఆయన్ని కళ్ళు తెరవనియ్యి ముందు. ఆర్పెయ్యక్కా."

చాలాసేపు ఏమీ జరగలేదు. ఇంజను చప్పుడు వినబడుతోంది. ఆమె ఏడుస్తోందో, ఆలోచిస్తోందో నాకు కనబడలేదు. అద్దం వెనక ఉన్న మా అక్క రోజూ చూసే ఆ కాస్త రూపాన్నీ వదులుకోమని అడిగానని నాకు తెలుసు. ముఖం లేకపోయినా ఆ చొక్కా ఉంది, ఆ ఎత్తు ఉంది, ఆ చెయ్యి ఉంది. రేపు అవి కూడా లేకపోతే?

లైటు ఆరిపోయింది.

చీకటి ఒక్కసారిగా మీద పడింది. చెయ్యి దించాను. కళ్ళలో ఇంకా తెల్లటి మచ్చలు తిరుగుతున్నాయి. అవి తగ్గేదాకా కదలకుండా నిలబడ్డాను.

నా పక్కన గడ్డి కదిలింది. గాలి లేదు. తర్వాత రోడ్డు మీద ఇసుక నలిగింది. తొందరేమీ లేని నడక, నన్ను దాటి వ్యాను వైపు పోయింది. నేను వేసి, లాగి చూసిన ఎడమ తలుపు తెరుచుకుంది. స్ప్రింగులు మూలిగాయి. తలుపు పడింది.

అక్క బతికి ఉందో లేదో అన్నంత భయం పట్టుకుంది నన్ను. ఆమెను ఇక్కడికి రానిచ్చినందుకు, లైటు ఆర్పమన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

లైటు మళ్ళీ వెలిగింది. అలవాటైన కన్ను, ఎంత భయంలోనైనా చూడాల్సింది చూసేసింది. ఎడమ లైటు ఇందాకటి కన్నా కిందికి కొడుతోంది. నేను అందులో కూర్చుని ఉంటే ఎంత కుంగేదో అంత, ఇంకా ఓ పిసరు ఎక్కువ. బావ నాకన్నా ఒళ్ళున్న మనిషి.

వ్యాను మెల్లగా కదిలింది. నా పక్కనుంచి ముందుకు పోయింది. నన్ను వదిలేసి వెళ్ళిపోతోందనుకున్నాను. అక్క తనకు కావలసినవాళ్ళతో కావలసిన చోటికి వెళ్ళిపోతోంది అనుకున్నాను. నాలుగడుగులు వెళ్ళి ఆగింది. కిటికీలోంచి అక్క తల బయటికి వచ్చింది.

"వెనక ఎక్కరా," అంది. "ముందు చోటు లేదు."

ముందుకు వెళ్ళి చూడలేదు నేను. వెనక తలుపు తీసి, ఎక్కి, లోపలి నుంచి గట్టిగా వేసుకుని, మూటల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ముందు సీట్లకూ వెనక్కూ మధ్య రేకు ఉంటుంది. అటు మాటలు ఇటు వినబడతాయి గానీ మనుషులు కనబడరు. వ్యాను నడక వేగంతో పోతోంది. చాలాసేపటికి అక్క గొంతు వినిపించింది.

"ఇన్నాళ్ళూ లైటు ముఖాన కొట్టి నిలబెట్టేశానండీ మిమ్మల్ని. ఆర్పాలని ఒక్కరోజైనా తోచలేదు నాకు."

జవాబు నాకు వినబడలేదు. అక్క మాత్రం ఎవరో ఏదో చెబుతున్నంతసేపు ఆగి, ఇంట్లో మాట్లాడుకున్నట్టే మెల్లగా అంది.

"అలాగే, లోపలి లైటు వెయ్యనులెండి. మీటరు వెలుతురు చాలు. కనబడుతున్నారు."